జాగా, ఎడం, కూడవెల్లి రాళ్లు

కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇప్పుడు కూడవెల్లిలో లేదు. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట బాదామి చాళుక్యులనాడు వెలిసిన ఆ గుడి శ్రీశైలం జలాశయం ముంపులోకి వస్తుందని తేలాక, రాయి రాయికీ గుర్తు వేసి, పైనుంచి కిందికి విప్పి, ఆలంపూర్ తెచ్చి, కిందినుంచి పైకి మళ్లీ పేర్చారు. ఆ పనిలో కాపాడింది ఏమిటని అడిగితే రాళ్లనే అని ఎవరైనా చెబుతారు. అది సగం జవాబు. అవే రాళ్లను తెచ్చి కుప్ప పోస్తే గుడి కాదు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలి, ఏది దేని మీద కూర్చోవాలి, గోడకూ గోడకూ మధ్య ఎంత ఎడం ఉండాలి అన్న లెక్క కూడా రాళ్లతోపాటు రావాలి. రాళ్ల మీద వేసిన గుర్తులు కాపాడింది ఆ లెక్కను. ఇంత జాగ్రత్తగా తెచ్చినా ఒక్కటి మాత్రం రాలేదు. గుడికీ రెండు నదుల కలయికకూ మధ్య ఉన్న ఎడం మారిపోయింది. దేవుడి పేరు ఇప్పటికీ సంగమేశ్వరుడే, సంగమం మాత్రం ఎదుట లేదు. గుడి అంతా వచ్చిందనీ అనవచ్చు, అంతా రాలేదనీ అనవచ్చు. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడాలోనే భౌతిక శాస్త్రంలో 300 ఏళ్లుగా తెగని ప్రశ్న ఒకటి దాగి ఉంది. చోటు అనేది తనంతట తానుగా ఉండే వస్తువా, లేక వస్తువుల మధ్య ఉండే సంబంధానికి మనం పెట్టుకున్న పేరా?

మన వాడుకలో ఈ రెండు తలపులకూ రెండు మాటలున్నాయి. ఇంటి జాగా అంటాం. ఇల్లు కట్టకముందూ జాగా ఉంటుంది, కూలగొట్టాకా ఉంటుంది, దాన్ని గజాల్లో కొలుస్తాం, అమ్ముతాం, కొంటాం. ఎడం అలాంటిది కాదు. రెండు ఉంటేనే ఎడం. మొక్కకూ మొక్కకూ ఎడం, మనిషికీ మనిషికీ ఎడం; ఒకదాన్ని తీసేస్తే ఎడం కూడా పోతుంది. 1687లో న్యూటన్ తన ప్రిన్సిపియాలో విశ్వానికంతటికీ ఒక జాగా ఉందన్నాడు. అందులో వస్తువులున్నా లేకున్నా అది కదలదు, మారదు. 1715, 1716 సంవత్సరాల్లో న్యూటన్ పక్షాన వాదించిన క్లార్క్‌తో నడిపిన ఉత్తరాల్లో లైబ్నిజ్ దీన్ని ఒప్పుకోలేదు. వస్తువుల మధ్య ఎడాలన్నీ అలాగే ఉంచి, దేవుడు ప్రపంచం మొత్తాన్ని తూర్పు పడమరలు తారుమారయ్యేలా తిప్పి పెట్టాడనుకుందాం, అప్పుడు ఏం మారుతుంది? ఏ కొలతకూ అందని మార్పు మార్పే కాదన్నది ఆయన వాదం. కూడవెల్లి గుడిని మాత్రమే కాక నదులను, ఊళ్లను, కొండలను, నక్షత్రాలను కూడా అదే లెక్కతో జరిపి ఉంటే, సంగమేశ్వరుడు కదిలాడని చెప్పగల మనిషి ఒక్కడూ ఉండడు. గుడి కదిలిందని మనకు తెలిసింది సంగమం కదలలేదు కాబట్టే.

లైబ్నిజ్ మాట ఎంత చక్కగా ఉన్నా న్యూటన్ దగ్గర దానికి గట్టి జవాబుంది. నిండా నీళ్లున్న చేదను పేనిన తాడుకు వేలాడదీసి వదిలితే, తాడు పురి విప్పుకుంటూ చేదను తిప్పుతుంది. కాసేపటికి నీళ్లు కూడా తిరుగుతాయి, వాటి పైభాగం నడుమ గుంటపడి అంచుల దగ్గర ఎక్కుతుంది. అప్పటికి నీళ్లూ చేదా ఒకే వేగంతో తిరుగుతున్నాయి, ఒకదానితో పోలిస్తే మరొకటి నిలిచే ఉంది. మరి నీళ్లకు తాము తిరుగుతున్నామని చెప్పిందెవరు? జాగాయే చెప్పిందన్నాడు న్యూటన్. రెండు వందల ఏళ్లకు పైగా ఈ చేద లైబ్నిజ్ వాదులకు కొరకరాని కొయ్యగా నిలిచింది. 1915లో ఐన్‌స్టయిన్ చెప్పింది ఇద్దరికీ సగం సగం పంచినట్టు ఉంటుంది. చోటు ఉంది, అయితే అది కదలని, మారని జాగా కాదు. పదార్థం ఉన్న చోట అది వంగుతుంది, ఆ వంపు వెంట నడవడాన్నే మనం గురుత్వాకర్షణ అంటున్నాం. తన మాటకు ఆయన ఒక అంకె కట్టాడు. సూర్యుడి అంచును ఒరుసుకుంటూ వచ్చే నక్షత్ర కాంతి 1.75 ఆర్క్‌సెకన్లు ఒరగాలి, న్యూటన్ లెక్కతో అయితే అందులో సగమే. 1919 మే 29 సంపూర్ణ గ్రహణంలో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్, ఆయన తోటివాళ్లు తీసిన ఫొటోల కొలతలు పెద్ద అంకె వైపే మొగ్గాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ గెలుపు కాదు, అంతకుముందే ఆ అంకెను బయటపెట్టి తప్పితే ఓడిపోవడానికి సిద్ధపడటం.

చోటు వంగుతుందని తేలాక, అది దేనితో చేసిందన్న ప్రశ్నను ఆపడం ఎవరి తరమూ కాదు. ఆలంపూర్‌లోని నవబ్రహ్మ ఆలయాల ఎర్ర ఇసుకరాయి గోడను పది అడుగుల దూరం నుంచి చూస్తే ఒకే నునుపైన పలకలా ఉంటుంది. చెయ్యి ఆనిస్తే గరుకు తగులుతుంది. భూతద్దం పెడితే రేణువులు, ఎప్పుడో నీటి వాలున పేరుకుని గట్టిపడ్డ ఇసుక. చోటుకు కూడా అలాంటి రేణువు ఉందని చెప్పే సిద్ధాంతాల్లో ముందువరసలో ఉన్నది మహారాష్ట్రలో పుట్టిన అభయ్ అష్టేకర్ 1986లో వేసిన గణిత పునాది మీద లేచింది. భౌతిక శాస్త్రవేత్తలు రొవెల్లి, స్మోలిన్ 1990లలో ఆ దారినే వెళ్లి, వైశాల్యం కూడా మెట్లు మెట్లుగానే పెరుగుతుందని లెక్కగట్టారు. ఆ మెట్టు పరిమాణం, ఒక మీటరును ఒకటి పక్కన 35 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే ఎంతో, అంత పొడవుకు సంబంధించినది. ఇంకో దారి ఉష్ణం నుంచి వచ్చింది. కృష్ణబిలానికి ఉష్ణోగ్రత ఉందని 1974లో హాకింగ్ చూపాడు. 1995లో జేకబ్సన్ ఉష్ణగతి సూత్రాల నుంచే ఐన్‌స్టయిన్ సమీకరణాలను రాబట్టాడు. తిరువనంతపురంలో పుట్టి పుణెలో పనిచేసిన తాను పద్మనాభన్ ఈ వాదాన్ని 2021లో మరణించేదాకా పెంచి పోషించాడు. ఆయన తర్కం బోల్ట్జ్‌మన్ నుంచి తీసుకున్నది: ఒక వస్తువు వేడెక్కగలదంటే ఆ వేడిని పంచుకునే అణువులు దానిలో ఉండాలి. అణువును ఎవరూ చూడకముందే, నీళ్లు కాగుతాయి కాబట్టి నీళ్లలో అణువులున్నాయని చెప్పవచ్చు. అలాగే చోటు కూడా వేడిని చూపిస్తుంది కాబట్టి దానికీ అణువులు ఉండాలి. గురుత్వం వాటి గుంపు నడవడి, నీటి ఒత్తిడి లాంటిదన్నమాట. చోటు గురించిన ఊహల్లో నాకు ఇంతకంటే పొందికైనది కనబడలేదు. కూడవెల్లి రాళ్ల లెక్కకు దగ్గరగా ఉన్నదీ ఇదే. అసలు రేణువులకు చోటంటూ విడిగా ఏమీ ఉండదు, వాటి మధ్య సంబంధాల లెక్కే పైకి చోటుగా తేలుతుంది.

ఈ మాట ఎత్తగానే మనవైపు నుంచి మొదటి అభ్యంతరం వస్తుంది. ఇదంతా మన శాస్త్రాల్లో ఉన్నదే కదా, ఆకాశం పంచభూతాల్లో ఒకటని ఎప్పుడో చెప్పారు కదా అని. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే అసలు గ్రంథాల్లో ఉన్నది ఈ మాట చెప్పేవాళ్లు అనుకునేదానికంటే చాలా పదునైనది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈనాటికీ దేశమంతటా తర్కానికి తొలి పాఠ్యపుస్తకం. అందులో ఆకాశం వేరు, దిక్కు వేరు. ఆకాశం శబ్దానికి ఆధారమైన ద్రవ్యం. తూర్పు, పడమర అనే వ్యవహారానికి కారణమైనది దిక్కు. అంటే మనం ఇప్పుడు చోటు అనేదానికి దగ్గరగా ఉన్నది ఆకాశం కాదు, దిక్కు. ఇక గురుత్వాన్ని ఆయన ఒక గుణంగా లెక్కించి, వస్తువు మొట్టమొదట కిందికి జారడానికి అదే కారణమనీ, అది భూమిలోనూ నీటిలోనూ మాత్రమే ఉంటుందనీ చెప్పాడు. ఎంత తెగించి గీత గీశాడో చూడండి. గాలికి గురుత్వం లేదని దాని అర్థం. ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుందని ఇప్పుడు బడిపిల్లలకు తెలుసు, కాబట్టి ఆ గీత తప్పు. తప్పని తేల్చగలిగేంత స్పష్టంగా చెప్పాడు కాబట్టే అన్నంభట్టును నేను తలచుకుంటున్నాను. ఏ సిద్ధాంతం వచ్చినా అది మనదేననిపించేలా మాటలను సాగదీసేవాళ్లు, ఆయన ఒక్కో పదానికీ హద్దు పెట్టడంలో పడ్డ శ్రమను చెరిపేస్తున్నారు. అన్నంభట్టు అనుసరించిన సంప్రదాయానికి చెందిన వైశేషికులు చోటును ద్రవ్యమన్నారు, లైబ్నిజ్ సంబంధమన్నాడు. ఈ రెండూ ఒకటే అనడం ఇద్దరికీ అన్యాయం.

రెండో అభ్యంతరం శాస్త్రవేత్తల నుంచే వస్తుంది. అంత చిన్న రేణువును ఏ యంత్రమూ చూడలేదు, మరి ఈ ఊహలకూ పురాణానికీ తేడా ఏమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేరుగా చూడలేకపోయినా కోట్ల ఏళ్ల ప్రయాణంలో చిన్న తేడాలు పోగుపడతాయి. చోటు గరుకుగా ఉంటే, ఎక్కువ శక్తి ఉన్న కాంతి ఆ గరుకును తడుముకుంటూ తక్కువ శక్తి ఉన్న కాంతికంటే కాస్త వెనకబడాలని కొన్ని సిద్ధాంతాలు చెప్పాయి. 2009 మే 10న ఫెర్మి ఉపగ్రహం సుమారు 730 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన గామా కిరణాల పేలుడును పట్టుకుంది. అందులో 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఒక కణం, మిగతా కాంతితోపాటు ఒక సెకనులోపే చేరింది. అంత దూరం నడిచి సెకను తేడా కూడా రానప్పుడు ఆ రకం గరుకు లేనట్టే. ఎనిమిదేళ్ల తర్వాత 2017 ఆగస్టు 17న, సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల అవతల రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు, గురుత్వ తరంగం వచ్చిన 1.7 సెకన్లకు గామా కిరణాలు అందాయి. గురుత్వానికీ కాంతికీ వేగం వేరని చెప్పే సిద్ధాంతాల జాబితా ఆ ఒక్క రోజుతో బాగా కురచైంది. అయితే ఇక్కడ ఎక్కువ చెప్పకూడదు. ఈ రెండు కొలతలూ రేణువు ఊహను చంపలేదు. కాంతి వేగాన్ని తాకకుండానే రేణువులను ఊహించే దారులు మిగిలే ఉన్నాయి, అష్టేకర్ దారి, పద్మనాభన్ దారి కూడా వాటిలో ఉన్నాయి. కొట్టుకుపోయినవి ముందుగా అంకె చెప్పినవి. మిగిలినవి ఇంకా అంకె చెప్పనివి, అవి మిగలడానికి కారణం బలమా, మౌనమా అన్నది ఇంకా తేలాలి.

పాత ఊహలు ఎలా బతుకుతాయో, ఎలా నలుగుతాయో చూడటానికి హైదరాబాద్‌కు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 18వ శతాబ్దంలో జెనీవాకు చెందిన లె సాజ్ గురుత్వానికి ఒక యంత్రాంగం చెప్పాడు. చోటు నిండా సూక్ష్మ కణాలు అన్ని దిక్కులకూ పరుగెడుతూ ప్రతి వస్తువునూ నెడుతుంటాయి. రెండు వస్తువులు ఎదురెదురుగా ఉంటే ఒకదానికొకటి చాటు అవుతాయి, చాటు వైపు నెట్టుడు తగ్గి రెండూ దగ్గరికి జరుగుతాయి. ఆకర్షణ అనేదే లేదు, ఉన్నదంతా నెట్టుడే. అన్ని కణాలు తగిలితే వస్తువులు మాడిపోయేంత వేడెక్కాలి కదా అని 1875లో మాక్స్‌వెల్ అడిగాడు, దానికి సరైన జవాబు రాలేదు. అయినా ఆ ఊహ చావలేదు, ఎందుకంటే దానిలోంచి ఒక పరీక్ష పుడుతుంది: గ్రహణ సమయంలో సూర్యుడి లాగుడుకు చంద్రుడు చాటు కావాలి, ఆ కాసేపు భూమి మీద బరువుల్లో తేడా కనబడాలి. 1954 జూన్ 30 గ్రహణంలో పారిస్‌లో మోరిస్ అలె తన లోలకం ఊగే తలం ఉన్నట్టుండి పక్కకు తిరిగిందన్నాడు. అలా ఈ ప్రశ్న మళ్లీ లేచింది. 1995 అక్టోబరు 24 గ్రహణానికి హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు డి.సి. మిశ్రా, ఎం.బి.ఎస్. వ్యాఘ్రేశ్వరరావు గుజరాత్‌లోని ధోరాజీలో గురుత్వ మాపకం పెట్టి కొలిచారు. గ్రహణం పట్టే వేళకు గురుత్వం సుమారు 10 నుంచి 12 మైక్రోగాల్‌లు తగ్గినట్టు కనబడిందని 1997లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు.

ఆ అంకెను దగ్గరగా చూడాలి. గురుత్వ మాపకం లోపల ఒక స్ప్రింగు, దానికి వేలాడే చిన్న బరువు ఉంటాయి. వేడికి స్ప్రింగు సాగకుండా లోపలి ఉష్ణోగ్రతను ఒకే తీరున ఉంచుతారు. గెలీలియో పేరు మీద వచ్చిన గాల్‌లో పదిలక్షో వంతు మైక్రోగాల్, అంటే మన బరువులో వంద కోట్లో వంతుకు కాస్త అటూ ఇటూ. అదే పరికరాన్ని ఒక సెంటీమీటరు పైకెత్తితే గురుత్వం 3 మైక్రోగాల్‌లు తగ్గుతుంది, కాబట్టి 12 మైక్రోగాల్‌లంటే నాలుగు వేళ్లు కూడా లేని ఎత్తు. సముద్రానికి ఆటుపోట్లు తెచ్చే సూర్యచంద్రుల లాగుడు రోజూ దీనికి ఎన్నో రెట్లు మార్పు తెస్తుంది, దాన్ని లెక్కగట్టి తీసేశాకనే ఈ 12 బయటపడాలి. గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు మారితే 0.3 మైక్రోగాల్ తేడా. నీడ పడి గాలి చల్లబడుతుంది, నేల చల్లబడుతుంది, గాలి గుంపులు కదులుతాయి. 1997 మార్చి గ్రహణంలో చైనాలో మోహె దగ్గర కొలిచినవాళ్లకూ 7 మైక్రోగాల్‌ల మేర తేడాలు కనబడ్డాయి, కానీ అవి గ్రహణం మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు వచ్చాయి. సూర్యచంద్రులు సరిగ్గా ఒకే వరుసలో నిలిచిన నడిమి ఘడియలో చాటు ఎక్కువ ఉండాలి, అప్పుడు తేడా లేదు. చాటు సిద్ధాంతానికి ఇది గొడ్డలిపెట్టు. ఆ తర్వాత గాలి కదలికలతోనే ఇలాంటి తేడాలను వివరించే లెక్క కూడా వచ్చింది. నాకు ఆ వివరణే సమంజసంగా తోస్తుంది. ఇక్కడ మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ధోరాజీకి పరికరం మోసుకెళ్లినవాళ్లు మంచి పని చేశారు. మాక్స్‌వెల్ నాటి నుంచి కొట్టివేతలో ఉన్న ఊహ కోసం అలా గ్రహణం నీడలో కూర్చుని, కనబడ్డ అంకెను దాచకుండా అచ్చువేశారు. దాన్ని విమర్శించడానికి ఇతరులకు వీలు దొరికింది కూడా అందువల్లనే.

మూడో అభ్యంతరం దీనికి కొనసాగింపుగా వస్తుంది. బయటివాళ్ల ఊహలను శాస్త్రలోకం తలుపులు మూసి తరిమేస్తుందనీ, రేపటి ఐన్‌స్టయిన్ అలాగే మరుగున పడిపోతున్నాడనీ ఆరోపణ. అందులో కొంత నిజముంది, పేరున్న సంస్థ నుంచి వచ్చిన కాగితాన్ని చదివినంత ఓపికగా పేరులేనివాడి కాగితాన్ని చదవరు. కానీ అలె కథ వేరే చెబుతుంది. ఆయన గనుల ఇంజినీరుగా చదువుకుని ఆర్థికశాస్త్రంలో పనిచేశాడు, 1988లో నోబెల్ కూడా ఆ శాస్త్రానికే వచ్చింది. భౌతిక శాస్త్రానికి ఆయన బయటివాడే. అయినా ఆయన లోలకాన్ని దశాబ్దాలపాటు ఒక ఖండం నుంచి మరో ఖండానికి వెంబడించారు, ఎందుకంటే ఆయన ఇచ్చింది తిరిగి కొలవగల సంగతి. చోటు గురించి కొత్త సిద్ధాంతం చెబుతున్నవాళ్లలో ఎక్కువమంది ఇవ్వనిది ఇదే. ఐన్‌స్టయిన్ తప్పు అని వంద పేజీలు ఉంటాయి, 1.75 ఎందుకు సరిపోయిందో ఒక్క పేజీ ఉండదు. గుడిని ఇంకో చోట మళ్లీ పేర్చాలనుకునేవాడు పాత రాళ్లన్నిటికీ చోటు చూపాలి. ఐన్‌స్టయిన్ సిద్ధాంతం వివరించిన బుధగ్రహ కక్ష్య మెలిక, కాంతి ఒరుగు, గడియారాల మందగమనం, 2017 నాటి 1.7 సెకన్లు, ఇవన్నీ గుర్తులు వేసి ఉన్న రాళ్లు. ఏ ఒక్కటీ మిగిలిపోకూడదు.

నా మొగ్గు ఎడం వైపే. చోటు ఒక జాగా అనే భావన రోజువారీ బతుక్కు ఎంత సరిపోయినా, ఐన్‌స్టయిన్ సమీకరణాలు దాన్ని కదలని పునాదిగా ఉండనివ్వలేదు, ఉష్ణోగ్రత వాదం అది అసలైన పొర కాదని గట్టిగా సూచిస్తోంది. న్యూటన్ చేదకు ఈ పక్షం ఇంకా పూర్తి జవాబు చెప్పలేదని ఒప్పుకుంటాను. సంబంధాలే ఉన్నాయన్నప్పుడు, తిరుగుతున్న నీళ్లు ఎవరితో సంబంధం చూసుకుని గుంటపడుతున్నాయో రేణువు స్థాయిలో చూపాలి. దూరపు నక్షత్రాలతోనా, చోటు రేణువులతోనేనా? ఎవరో ఒకరు ఆ లెక్క వేసి, దానిలోంచి పరికరానికి అందే అంకె ఒకటి తీయాలి. ఆ అంకె కోసం చెవి ఒగ్గే యంత్రం మనకు దగ్గరలోనే రాబోతోంది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర, అదీ ఒక ప్రాచీన శివక్షేత్రమే, లిగో ఇండియా కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. నాలుగేసి కిలోమీటర్ల పొడవున్న రెండు బాహువులు లంబంగా కలుస్తాయి. ఒక తరంగం దాటినప్పుడు ఒక్కో బాహువు రెండు చివరల్లో ఉన్న అద్దాల మధ్య ఎడం ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతుకన్నా తక్కువ మారినా పసిగట్టాలి. నాలుగు కిలోమీటర్ల దూరంలో భూమి వంపు ఒక మీటరుకు మించి ఉంటుంది, కాంతి మాత్రం తిన్నగా పోవాలి, అందుకని గొట్టాలను నేల వాలుతో కాక కాంతితో సరిచూసి నిలబెట్టాలి. ఆ యంత్రం జాగాను కొలవదు, కొలవలేదు. దానికి తెలిసింది ఒక అద్దానికీ ఇంకో అద్దానికీ మధ్య ఎడం ఒక్కటే.